మావయ్యగారు చూసి పెట్టిన టైర్లు

తొలకరి వాన పడుతున్న రోజు. రాజమండ్రిలో నేను లెక్కలు చెప్పే కాలేజీలో రెండో పీరియడు నడుస్తుండగా ఫోను మోగింది. క్లాసులో ఉంటానని తెలిసిన వేళ అత్తయ్యగారు ఎప్పుడూ ఫోను చెయ్యరు. చాక్‌పీసు చేతిలో పట్టుకునే వరండాలోకి వచ్చాను. "అమ్మాయ్, మీ మావయ్యగారు లేవట్లేదు. కాఫీ తాగి కుర్చీలో వెనక్కి వాలారు. చెయ్యి చల్లబడిపోయింది," అన్నారు ఆవిడ. గొంతులో ఏడుపు లేదు. "వానగా ఉంది, నువ్వు మెల్లిగా రా," అన్నారు.

మావయ్యగారంటే నా భర్త తండ్రి. ఆయన పోయి నెలన్నర అయింది. ఇంట్లో ఆయన్ని తలుచుకోవటానికి మిగిలింది నేనూ అత్తయ్యగారూ ఇద్దరమే. మేమిద్దరం ఆ మాట ఎత్తితే రెండు నిమిషాలకే ఎవరో ఒకరం ఏదో పని ఉన్నట్టు వంటింట్లోకి వెళ్ళిపోతున్నాం. అందుకే మీతో చెబుతున్నాను.

మాది నూజివీడుకి ఆనుకుని ఉన్న పల్లె. రెండెకరాల చిన్నరసాల తోట, తోట మొదట్లో ఇల్లు, ఇంటి పక్కన కాయలు దించి పెట్టుకునే రేకుల షెడ్డు. తోట చూసుకోవటం ఆయనకి రిటైరయ్యాక వచ్చిన పని. అసలు పని బస్సు డిపోలో, టైర్ల సెక్షనులో. ముప్ఫై ఏళ్ళకి పైగా అక్కడే చేశారు. బస్సు చక్రం విప్పటం, టైరు రిమ్ము నుంచి ఊడదీయటం, లోపల చెయ్యిపెట్టి తడిమి ఎక్కడ దెబ్బ తగిలిందో చూడటం, ఇంకెన్ని రోజులు నడుస్తుందో చెప్పటం. ఆ చేతులకి రబ్బరు వాసన చివరిదాకా పోలేదని అత్తయ్యగారు అంటారు. నాకెప్పుడూ తెలియలేదు గానీ, ముప్ఫై ఏళ్ళు ఆ చేతులతో అన్నం పెట్టించుకున్న మనిషి మాట నేను కాదనను.

ఆయన మనిషిని పలకరించే ముందు మనిషి వచ్చిన బండి టైర్లు చూసేవారు. కావాలని కాదు, కళ్ళు అటే పోయేవి. నా పెళ్ళిచూపులకి వీళ్ళు మా ఇంటికి వచ్చినప్పుడు, లోపల అందరూ కూర్చుని ఉంటే ఈయన మాత్రం కనపడలేదు. చూస్తే బయట మా నాన్న స్కూటరు దగ్గర గొంతుక్కూర్చుని ఉన్నారు. లోపలికి వచ్చి, నన్నేమీ అడగలేదు. "మీ నాన్నగారు జాగ్రత్తపరులమ్మా. గాలి తగ్గనివ్వరు, అరిగేదాకా ఉంచరు," అని మాత్రం అన్నారు. మా నాన్నకి ఆ ఒక్క మాటతో సంబంధం నచ్చేసింది. ఇరవై ఏళ్ళుగా తను చేస్తున్న పనిని గుర్తించిన మొదటి మనిషి ఆయనేనని తర్వాత అందరికీ చెప్పుకున్నాడు.

ఒక్కగానొక్క కొడుకు, అంటే నా భర్త, చిన్నప్పుడు సెలవులిస్తే తండ్రి వెంట డిపోకి వెళ్ళి ఆ టైర్ల మధ్యే కూర్చునేవాడట. పెద్దయ్యాక ఇంజనీరై ఏలూరులో ఉద్యోగం చేశాడు. కార్లంటే పిచ్చి. మా పెళ్ళయిన మూడో ఏడు హైదరాబాదులో ఎవరో అమ్ముతున్నారని తెలిసి వెళ్ళి ఒక ముదురు నీలం కారు తోలుకొచ్చాడు. చూడటానికి పొట్టిగా, అమాయకంగా ఉంటుంది. లోపల మాత్రం దాని ఒంటికి మించిన ఇంజను. యాక్సిలేటరు మీద కాలు కాస్త బరువుగా పడితే వీపు సీటుకి అతుక్కుపోతుంది.

ఆ సాయంత్రం మావయ్యగారు వాకిట్లో నిలబడి కారు చుట్టూ ఒకసారి తిరిగారు. డిపోలో ఉన్నన్నాళ్ళూ ప్రమాదం జరిగిన ప్రతి బస్సు టైర్లూ ఆయన ముందుకే వచ్చేవి. ఎందుకు జారింది, ఎందుకు పేలింది అని చూసి కాగితం మీద రాయాల్సింది ఆయనే. వేగం అంటే ఆయనకి గుర్తొచ్చేవి ఆ టైర్లే. కొడుకు నవ్వుతూ, "ఎక్కు నాన్నా, జంక్షన్ దాకా వెళ్ళొద్దాం," అన్నాడు.

"నీ పెట్టె నువ్వే కొని తెచ్చుకున్నావు గదరా," అన్నారు మావయ్యగారు.

మా క్రైస్తవుల ఇళ్ళలో ఆ మాట ఆ గొంతుతో అంటే ఏ పెట్టో, సమాధిలోకి దించేదేనని వేరే చెప్పక్కర్లేదు. నా భర్త కారు తాళం జేబులో వేసుకున్నాడు. అత్తయ్యగారు "ఏం మాటలండీ అవి, ప్రభువా!" అని నోటి మీద చెయ్యి వేసుకున్నారు. మావయ్యగారు తోటలోకి వెళ్ళిపోయారు. ఆ తర్వాత రెండేళ్ళ పాటు తండ్రీ కొడుకులు అన్నీ మాట్లాడుకున్నారు, కారు సంగతి తప్ప. ఆయన ఒక్కసారి కూడా అందులో ఎక్కలేదు. చర్చికి మేం ముగ్గురం కారులో వెళితే, ఆయన వెనకాల తన మోపెడ్ మీద వచ్చేవారు.

నా భర్త డెంగ్యూ జ్వరంతో పోయాడు. తొమ్మిది రోజుల్లో అయిపోయింది. కారుకీ ఆ చావుకీ ఏ సంబంధమూ లేదు. అయినా సమాధుల తోటలో పెట్టె దించుతున్నప్పుడు మావయ్యగారు మోకాళ్ళ మీద పడిపోయి, "నేనన్నాను, నేనే అన్నాను," అంటుంటే ఆ మాట అర్థమైంది మా ఇంట్లో వాళ్ళకే. మిగతావాళ్ళు దుఃఖంలో ఏదో అంటున్నారనుకున్నారు.

కారుని షెడ్డులో, మామిడికాయల ట్రేల వెనకాల పెట్టి టార్పాలిన్ కప్పేశాం. మూడేళ్ళు అది అలాగే ఉంది. ఆయన షెడ్డులోకి వెళ్ళి ట్రేలు తెచ్చుకునేవారు గానీ ఆ మూలకి తల తిప్పేవారు కాదు.

నేను అత్తవారింట్లోనే ఉండిపోయాను. మాకు పిల్లల్లేరు. మా అన్నయ్య ఎన్నోసార్లు వచ్చెయ్యమన్నాడు. ఎందుకు రానో నాకే సరిగ్గా తెలియదు. మూడో ఏడు చివర్లో రాజమండ్రి కాలేజీ నుంచి మంచి ఉద్యోగం వచ్చింది. వారమంతా అక్కడ ఉండి, శనివారం ఇంటికి రావచ్చు. లేదా అక్కడే ఉండిపోవచ్చు. అన్నయ్యకి ఇదే మంచి అదననిపించింది. "ముందు ఆ కారు అమ్మెయ్యి. అది అక్కడుంటే నువ్వూ అక్కడే ఉంటావు," అని విజయవాడ నుంచి ఒక బేరగాణ్ణి వెంటబెట్టుకొచ్చాడు.

బేరగాడు టార్పాలిన్ లాగి, చుట్టూ చూసి, ముందు చక్రాన్ని బూటుతో ఒక తన్ను తన్నాడు. "టైర్లు పోయాయండీ," అన్నాడు.

అప్పటిదాకా షెడ్డు గుమ్మం దగ్గర అటు తిరిగి నిలబడ్డ మావయ్యగారు చటుక్కున వచ్చారు. "టైరుని కాలితో తన్నకండి," అన్నారు. మూడేళ్ళలో ఆయన ఆ కారు దగ్గరకి రావటం అదే మొదలు. పంచె ఎగ్గట్టి, చక్రం పక్కన గొంతుక్కూర్చుని, టైరు పక్క గోడ మీద ఉన్న పగుళ్ళని వేలితో తడిమారు. తర్వాత తలెత్తకుండానే, "అమ్మాయ్, ఇది అమ్మాలని నీకుందా?" అన్నారు.

"లేదండీ," అన్నాను. నా నోటి నుంచి అంత తొందరగా ఎలా వచ్చిందో తెలియదు. కారు నడపటం నా భర్తే నేర్పాడు. ఈ కారు మీదే నేర్పాడు.

"అయితే వీళ్ళకి కాఫీ ఇచ్చి పంపించెయ్యి," అన్నారు.

మర్నాడు ఆయన జాకీ పెట్టి నాలుగు చక్రాలూ విప్పారు. నన్ను పక్కన స్టూలు మీద కూర్చోమన్నారు. ఒక్కో చక్రాన్ని వెలుతురులోకి దొర్లించుకొచ్చి, కిరసనాయిల్లో ముంచిన గుడ్డతో తుడుస్తున్నారు. మొదటి చక్రం రిమ్ము లోపలివైపు, మామూలుగా ఎవరికీ కనపడని చోట, మట్టి కింద నుంచి పసుపు రంగు తేలింది. ఇంకా తుడిచారు. అక్షరాలు. 'కు.ము.' అని ఉంది. దాని పక్కన ఏదో అంకె. రెండూ కొట్టేసి, కింద 'కు.వె.' అని ఇంకో అంకె.

మావయ్యగారి చెయ్యి ఆగిపోయింది.

"ఏంటండీ అది?" అన్నాను.

"కుడి ముందు. కుడి వెనక," అన్నారు. "ముందు చక్రం వెనక్కి, వెనకది ముందుకి మార్చినప్పుడల్లా ఎన్ని కిలోమీటర్లకి మార్చామో రాసుకోవాలి. మా సెక్షనులో నేను పెట్టిన పద్ధతి. ఇంకెక్కడా లేదిది." ఆ రాత వంక మళ్ళీ చూసుకుని, "వాడికి నేను నేర్పలేదే. చూసి పట్టుకున్నాడు," అన్నారు.

నాలుగింటి మీదా ఉంది. ఆయన చెప్పిన పద్ధతిలోనే, ఆయన చెప్పేటంత దూరానికొకసారి, ఒక్క విడత కూడా తప్పకుండా.

అప్పుడు టైర్లు చదవటం మొదలుపెట్టారు. నేను చదవటం అనే అంటాను, ఎందుకంటే పుస్తకం మీద వేలు పెట్టుకుని చదివినట్టే చదివారు. టైరు నడిమి భాగం ఎంత అరిగిందో అంచులూ అంతే అరిగాయి, అంటే గాలి ఎప్పుడూ సరిగ్గా ఉంచాడు. ముందు టైర్ల బయటి అంచు రవ్వంత ఎక్కువ గీరుకుంది, అంటే మలుపుల్లో సరదాగా తిప్పాడు. పక్క గోడల మీద రాయికి గానీ గట్టుకి గానీ రాసుకున్న గీత లేదు. ఒకచోట మాత్రం రబ్బరు చదునుగా అణిగి ఉంటే నేను వేలు పెట్టి చూపించాను. "అది బ్రేకు వల్ల కాదులే," అన్నారు వెంటనే. "మూడేళ్ళు ఒకే చోట నిలబెట్టినందుకు అణిగింది. అది మన తప్పు."

చివరి చక్రం అయ్యాక చేతులు తుడుచుకున్నారు. తర్వాత నన్ను కాకుండా టైరునే చూస్తూ చెప్పారు. "వేగంగానే వెళ్ళాడమ్మా. కాదనను. కానీ దూరం చూసుకుని వెళ్ళాడు. బెదిరిపోయి బ్రేకు తొక్కితే టైరు మీద మచ్చ పడుద్ది. అలాంటిది ఒక్కటి లేదు. నేను ముప్ఫై ఏళ్ళలో ఇంత శుభ్రంగా నడిపినోణ్ణి పదిమందిని చూసి ఉండను." గుడ్డ పక్కన పెట్టారు. "నేను వాడి టైర్లు ఒక్కసారి చూసుంటే ఆ మాట అనకపోదును. చూడలేదు. చూడనన్నాను."

నేను స్టూలు మీద నుంచి లేచాను. ఆయన పక్కన నేల మీద కూర్చున్నాను. షెడ్డు రేకుల మీద ఉడతలు పరిగెడుతున్నాయి. అత్తయ్యగారు మజ్జిగ తెచ్చి, మమ్మల్ని చూసి, గ్లాసులు ట్రే మీద పెట్టి వెళ్ళిపోయారు.

కొత్త ఉద్యోగానికి ఆ కారులోనే తిరగాలనుకున్నాను. కొత్త టైర్లు ఎంచటానికి మాకు ఇరవై రోజులు పట్టింది. నాకు అదేమంత పనా అనిపించేది. కావాల్సింది నాకు తెలుసు. నా భర్త వాడిన కంపెనీ, అదే రకం, అదే నెంబరు. విజయవాడలో ఒక పెద్ద దుకాణంలో అడిగితే తెప్పిస్తామన్నారు కూడా. ఆ మాట ఇంటికొచ్చి సంతోషంగా చెప్పాను.

"అవి వద్దమ్మా," అన్నారు మావయ్యగారు.

"ఎందుకండీ? మీరే గదా బాగా నడిపాడన్నారు."

"వాడు బాగా నడిపాడు. అవి వాడి నడకకి సరిపోయినయ్యి. మెత్తటి రబ్బరు, ఎండ రోడ్డు మీద అతుక్కున్నట్టు పోద్ది. నువ్వు వాడిలా నడపవు. నువ్వు పోయే రోడ్డూ వేరు."

"నాకవే కావాలి," అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. నేను గదిలోకి వెళ్ళి తలుపు వేసుకున్నాను. మూడు రోజులు ఆయనతో ముక్తసరిగా మాట్లాడాను. నా భర్తవి అన్నీ ఒక్కొక్కటే పాతబడిపోతున్నాయి, చొక్కాలు, ఫోను, చెప్పులు. టైర్లయినా అవే వేయించుకుంటానంటే ఈయనకేమిటి అభ్యంతరం అనిపించింది.

నాలుగో రోజు ఆయన పక్కింటివాళ్ళ పాత కారు అడిగి తెచ్చారు. "కోపంగానే ఉండు, పర్లేదు. నన్ను హనుమాన్ జంక్షన్ దాకా తీసుకెళ్ళి తీసుకురా," అన్నారు. కోపంగానే తీసుకెళ్ళాను. ఆయన రోడ్డు చూడలేదు. నా కాళ్ళూ చేతులూ చూస్తూ కూర్చున్నారు. గుజ్జు ఫ్యాక్టరీ ముందు రోడ్డంతా మామిడి తొక్కలు, రసం కారి జిగురుజిగురుగా ఉంది. ఒక ఊరి దగ్గర వరిగడ్డి ఆరబోశారు. ఎదురుగా కాయల లారీ వస్తే నేను ఎడమ చక్రాలు తారు దించి మట్టిలోకి పోనిచ్చాను, మళ్ళీ ఎక్కించాను.

ఇంటికొచ్చాక వాకిట్లో నిలబడి అన్నీ చెప్పారు. "నువ్వు బ్రేకు వాడికంటే ముందే తొక్కుతావు, మెల్లిగా తొక్కుతావు. మంచిదే. లారీ వస్తే తారు అంచు దిగుతావు. అక్కడ తారుకీ మట్టికీ జానెడు ఎత్తుంటది, పక్క గోడ పల్చగా ఉంటే కోసుకుపోద్ది. శనివారం సాయంత్రాలు వస్తావు, వానల్లో వస్తావు. కాబట్టి నీళ్ళు బయటికి తోసే గాడులు లోతుగా ఉండాలి. పక్క గోడ బలంగా ఉండాలి. మరీ మెత్తన పనికిరాదు, మరీ గట్టిదీ పనికిరాదు." ఆఖరికి, "వాడి టైర్ల మీద నువ్వు వెళితే నాకు రోజూ భయంగా ఉంటదమ్మా. నీ టైర్లు నీయే కావాలి," అన్నారు.

నన్ను ఎవరూ ఎప్పుడూ అంత శ్రద్ధగా చూడలేదు. నేను ఎక్కడ బెదురుతానో, ఎక్కడ ఆగుతానో, ఎటు తప్పుకుంటానో చూసి, దానికి తగిన టైరు వెతుకుతున్నారు ఈ మనిషి. నా కోపం ఎటు పోయిందో నాకు తెలియలేదు.

తర్వాత ఇద్దరం కలిసే దుకాణాలు తిరిగాం. జంక్షన్లో ఒకాయన గట్టి రబ్బరు టైర్లు చూపించి, "ఇవి వేస్తే జన్మలో మార్చక్కర్లేదండీ," అన్నాడు. మావయ్యగారు బొటనవేలి గోరు రబ్బరులో నొక్కి చూసి, "అరగని టైరు రోడ్డుని పట్టుకోదు బాబూ. తను కొంచెం అరిగితేనే మనల్ని ఆపుద్ది," అని బయటికి నడిచారు. విజయవాడ దుకాణంలో ఒక సెట్టు అన్నీ కుదిరాయనుకుంటుండగా, టైరు మీద కోడిగుడ్డు ఆకారం గీతలో ఉన్న నాలుగంకెలు చూపించారు నాకు. మొదటి రెండూ ఏడాదిలో ఎన్నో వారమో, తర్వాతి రెండూ ఏ సంవత్సరమో చెబుతాయి. అవి తయారై మూడేళ్ళు దాటింది. "మన షెడ్డులో నిలబెట్టినవి చాలవా?" అన్నారు. ఇంకోచోట నచ్చిన రకమే ఉంది గానీ రెండే ఉన్నాయి. మిగతా రెండూ వేరే రకం వేసుకోమన్నారు. ఆయన కుర్రవాడి భుజం తట్టి, "నాలుగూ ఒకే మాట మీద ఉండాలయ్యా," అని వచ్చేశారు.

నాకు ఓపిక నశించి, "కాస్త తక్కువ రకమైతేనేం మావయ్యగారూ, నేనెలాగూ అంత వేగంగా పోను గదా," అన్నాను ఒకసారి. షెడ్డులోకి తీసుకెళ్ళి మా కారు డ్రైవరు తలుపు తెరిచి, చట్రం మీద కంపెనీవాళ్ళు అంటించిన చీటీ చూపించారు. ఎంత సైజు, ఎంత బరువు మొయ్యాలి, ఎంత వేగం తట్టుకోవాలి అని అందులో ఉంది. వేగానికి ఒక ఇంగ్లీషు అక్షరం గుర్తు. "నువ్వు పోకపోయినా ఇంజను బలం ఇంజనుకి ఉంది. ఏదో ఒకరోజు అవసరమై తొక్కుతావు. ఆ రోజు టైరు నీతో రావాలి. అక్షరం తగ్గటానికి వీల్లేదు." అలా అన్నప్పుడు ఆయన ఆ కారుని మొదటిసారి గౌరవించినట్టు అనిపించింది నాకు.

చివరికి ఏలూరులో దొరికాయి. వానకి లోతు గాడులు, బలమైన పక్క గోడ, తగ్గని అక్షరం, రెండు నెలల కిందట తయారైనవి, నాలుగూ ఒకే వారానివి. బ్యాటరీ మార్పించి, పాత చక్రాల మీదే లారీకెక్కించి కారుని అక్కడికి చేర్చాం. బిగిస్తున్నంతసేపూ ఆయన పక్కనే నిలబడ్డారు. అంతా అయ్యాక అరచెయ్యి చాపి నాకు చూపించి, "ఎంత గొప్ప కారైనా నేల మీద ఆనేది చక్రానికి ఇంతే. నాలుగు అరచేతులు. మిగతాదంతా గాల్లోనే ఉన్నట్టు లెక్క. గుర్తుపెట్టుకో," అన్నారు.

ఇంటికి తిరిగి వచ్చేటప్పుడు ఆయన నా పక్కన కూర్చున్నారు. ఆ కారులో ఎక్కటం అదే మొదటిసారి. బెల్టు పెట్టుకోవటం రాకపోతే నేను పెట్టాను. "కొత్త టైరు మీద పొర నున్నగా ఉంటది. ఒక రెండొందల కిలోమీటర్లు మెల్లిగా పో, అప్పుడు పట్టు వస్తది," అన్నారు. మెల్లిగానే వచ్చాం. దారి పొడుగునా ఆయన ఆ డాష్‌బోర్డునీ, సీటునీ, పైకప్పునీ చేత్తో తాకి చూస్తూనే ఉన్నారు.

వారం తర్వాత ఒక ఆదివారం, ఆరాధన అయ్యాక, "ఆ పొర పోయుంటది. హైవే మీదకి పోదామా?" అని ఆయనే అడిగారు. జంక్షన్ దాటాక రోడ్డు ఖాళీగా, తిన్నగా ఉంది. "ఒక్కసారి తొక్కమ్మా. వాడేం చూశాడో నన్నూ చూడనీ," అన్నారు. తొక్కాను. వీపులు సీట్లకి అతుక్కున్నాయి. ఆయన చెయ్యి పైనున్న పట్టీని గట్టిగా పట్టుకుంది. అంతలో నవ్వు వినపడింది. పైపళ్ళు రెండు లేని ఆయన నోట్లోంచి, చిన్నపిల్లాడి నవ్వు. మూడేళ్ళలో నేను వినలేదు. "చాలు, చాలు," అంటూనే నవ్వుతున్నారు. నేను వేగం తగ్గించి రోడ్డు పక్కన ఆపాక ఆ నవ్వు ఏడుపైంది. ఆపమని నేననలేదు. "జంక్షన్ దాకా రమ్మన్నాడమ్మా వాడు. జంక్షన్ దాకే గదా," అన్నారు.

ఆ ఉద్యోగంలో చేరాను. రాజమండ్రిలో ఉండిపోతానేమోనని అన్నయ్య ఆశపడ్డాడు. నాకూ ఒక్కోసారి అనిపించేది. ఆ మాట మావయ్యగారికీ తెలుసు. ఒకసారి తోటలో పూత చూస్తూ, "నువ్వు ఉండిపోవాలనుకుంటే ఉండిపో. మాకోసమని రావద్దు. రావాలనిపిస్తే రా. టైర్లు బాగున్నయ్యి, ఎటైనా పోతయ్యి," అన్నారు. అలా అన్నందుకే కాబోలు, ఒక్క శనివారం కూడా నేను మానలేదు.

శనివారం సాయంత్రం నేను గేటు తీసుకుని వచ్చేసరికి ఆయన వాకిట్లో ఉండేవారు. "వచ్చావా?" అని ముందు టైర్లని అడిగేవారనిపించేది, తర్వాత నన్ను. చుట్టూ ఒకసారి తిరిగి, "ఈ వారం తణుకు దగ్గర గుంతలో పడ్డావే," అనేవారు. "నిన్న కాలేజీలో ఎవరి మీదో కోపం వచ్చింది నీకు," అని కూడా అన్నారొకసారి. నిజమే. గేటు మలుపులో విసురుగా తిప్పాను. సోమవారం పొద్దున్న నేను బయలుదేరే ముందు, ఎండ తగలకముందే గాలి చూసేవారు. వేడెక్కాక చూస్తే అంకె అబద్ధం చెబుతుందట. నా టిఫిన్ డబ్బా అత్తయ్యగారు పెట్టేవారు. గాలి మావయ్యగారు పెట్టేవారు. రెండేళ్ళు అలా గడిచాయి. అవి నా జీవితంలో మంచి రోజులని అప్పుడు తెలియలేదు. మామూలు రోజులనుకున్నాను.

పోయిన శీతాకాలం ఆయనకి గుండెలో కాస్త తేడా వచ్చింది. వంగి కూర్చోవద్దని డాక్టరు చెప్పారు. అప్పుడు కుర్చీ తెచ్చుకుని టైరు పక్కన వేసుకుని చూసేవారు. "ఇంకో వానాకాలం వస్తయ్యి. తర్వాత కొత్తవి చూడాలి. ఈసారి నువ్వే ఎంచాలి, నేను పక్కన ఉంటా," అన్నారు.

ఆ రోజు రాజమండ్రి నుంచి బయలుదేరేసరికి వాన పెద్దదైంది. ముందు అద్దం మీద నీళ్ళు తుడిచేకొద్దీ కురుస్తోంది. నా కాలి కింద ఆ ఇంజను బలమంతా ఉంది. తొక్కితే ఇంకా ముందే ఇల్లు చేరతాను. ఎందుకు చేరాలి? కుర్చీలో వాలిన మనిషి నాకోసం కళ్ళు తెరుస్తారా? అయినా కాలు అటే పోతోంది. వానలో ఎనభై దాటొద్దని ఆయన మాట. దాటలేదు. ఏలూరు బైపాసు దగ్గర నా పక్క నుంచి ఎవరో దూసుకుపోయి, కొంత దూరం పోయాక నీళ్ళలో అడ్డంగా జారి, ఎలాగో నిలదొక్కుకున్నారు. నేను బ్రేకు మీద మెల్లిగా కాలు పెట్టాను. నాలుగు టైర్లూ నీళ్ళని కోసుకుంటూ తారుని పట్టుకున్నాయి. ఆ పట్టు నా అరికాలికి తెలిసింది. అప్పుడు ఏడుపొచ్చింది. ఏడుస్తూనే, ఎనభై మీదే, ఇంటికొచ్చాను. ఆ దారిలో అంత నెమ్మదిగా, అంత ఆత్రంగా నేనెప్పుడూ ప్రయాణం చెయ్యలేదు.

వాకిట్లో జనం ఉన్నారు. కారు ఆగగానే అందరూ నా మొహం చూశారు. టైర్ల వంక ఎవరూ చూడలేదు.

కొడుకు పక్కనే ఆయన్ని పెట్టాం. పెట్టె దించుతున్నప్పుడు వాన తెరిపిచ్చింది.

మమ్మల్ని ఓదార్చటానికి చర్చివాళ్ళు పెట్టిన ఆదరణ కూడిక రోజున, డిపోలో ఆయనతో పనిచేసిన పాతవాళ్ళు నలుగురు వచ్చారు. అందరూ రిటైరైనవాళ్ళే. పాస్టరుగారి ప్రార్థన అయ్యేదాకా వెనక వరసలో తలలు వంచుకుని కూర్చున్నారు. భోజనాలయ్యాక, అందరిలోకీ పెద్దాయన నా దగ్గరకొచ్చి, "అమ్మా, మా మేస్త్రీ చూసిన బండి ఇదేనా?" అని అడిగారు. అవునన్నాను. "ఒకసారి చూడొచ్చా?" అన్నారు.

నలుగురూ కారు దగ్గరకి వెళ్ళారు. ఒక్కొక్కరు ఒక్కో చక్రం పక్కన కూర్చున్నారు. పెద్దాయన జేబులోంచి తాళంచెవి తీసి, టైరు గాడిలో ఇరుక్కున్న ఒక కంకర రాయిని పెకలించారు. మిగతావాళ్ళూ తాళంచెవులు తీశారు. రాజమండ్రి నుంచి, తణుకు నుంచి, ఏలూరు నుంచి ఆ వాన రోజున నాతో వచ్చిన రాళ్ళు. ఒక్కొక్కటీ తీసి, పారెయ్యకుండా, లేచి వెళ్ళి ప్రహరీ గోడ మీద పెట్టి వచ్చారు. అలా చాలాసేపు. ఆ తర్వాత చేతులు దులుపుకుని, నాకు దణ్ణం పెట్టి, బస్సుకి వేళయిందని వెళ్ళిపోయారు.

సాయంత్రం మళ్ళీ చినుకులు మొదలయ్యాయి. అత్తయ్యగారు ఆరేసిన బట్టలు తియ్యటానికి వెళ్ళి గోడ దగ్గర నిలబడిపోయారు. నేనూ వెళ్ళాను. గోడ మీద, వరసగా, తడిసి నల్లగా మెరుస్తున్న చిన్న చిన్న రాళ్ళు.